వెలుగు స్థాయి అయిదు

“నలుపు మానవజాతి తొలి వర్ణము, మహోన్నత వారసత్వము, సమస్త గౌరవములకు ఆలవాలము. ఈ సత్యమును పదేండ్లుగా బోధించుచున్న మన కృష్ణవర్ణ అధ్యయన విభాగము దశవార్షికోత్సవమును జరుపుకొనుచున్నదని తెలియజేయుటకు మిక్కిలి గర్వించుచున్నాము.”

యాంగోన్ నగరంలోని పదమ్యా విశ్వవిద్యాలయం గోడలన్నిటిమీదా ఒకే ఉదయాన వెలసిన ప్రకటన ఇది. పదమ్యా అంటే కెంపు. ఆ ప్రకటనకు రెండో పేరా కూడా ఉంది. “ఉత్సవమునకు విచ్చేయు సిబ్బంది యావన్మందియు తెల్లని దుస్తులు ధరించి, ఛాయాచిత్రములకు అనువుగా ముఖములను ప్రకాశవంతముగా ఉంచుకొనవలెను.” ఈ రెండు పేరాల నడుమ ఏదో తేడా ఉన్నట్లు ఎవరికీ తోచలేదు. రెండింటి కిందా ఒకే సంతకం ఉంది మరి. విభాగాధిపతి ఊ నే లిన్ గారిది. ఊ అంటే ఈ ఊళ్ళో శ్రీ అన్నట్లే.

ఆయన అసలు పేరు సూర్యప్రకాష్. బొటాటౌంగ్ రేవు పక్క సందులో పుట్టాడు. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఇంటికొక పేరు, బడికొక బర్మా పేరు ఉండడం మామూలే. నే లిన్ అన్నా సూర్యకాంతే కనుక పేరులో అబద్ధమేమీ లేదు. మాట వరసకు చెప్పడం కాదు, ఆయన జీవితంలో ఎక్కడ వెదికినా అబద్ధం దొరకదు. “మా పూర్వులు ఓడల మీద వచ్చారు” అనేవాడు. వచ్చిన మాట నిజమే. ఓడలో ఏ అంతస్తున వచ్చారో ఎవరూ అడగలేదు. “మాది ధాన్యంతో ముడిపడిన కుటుంబం” అనేవాడు. ముడిపడినది నెత్తిమీదనని చేర్చేవాడు కాదు. “అహ్లోన్‌లో పెద్ద మిల్లు ఉండేది” అని నిట్టూర్చేవాడు. ఉండేది. ఇప్పటికీ దాని గోడలు నదికి ఎదురుగా నిలబడే ఉన్నాయి. విన్నవారు మిగిలిన కథను తమ తమ మర్యాదకొద్దీ పూరించుకుని, ఆయన తాతగారికి పట్టు తలపాగా, బంగారు గడియారం, ఇద్దరు గుమస్తాలు సమకూర్చారు.

ఆయన ప్రతి ఉదయం ముప్పయ్యయిదు నిమిషాలు అద్దానికి అంకితం చేసేవాడు. ముందుగా థనకా, అంటే చెట్టుబెరడును గంధంలా అరగదీసి ఈ ఊరివాళ్ళు మొహాలకు రాసుకునే పూత. దాని మీద కొరియా దేశపు క్రీము. దాని మీద, డబ్బామీద ముత్యపు చిప్ప బొమ్మ ఉన్న పౌడరు. ఈ మూడు పొరలూ గడ్డం అంచున ఆగిపోయేవి. అక్కణ్ణించి కిందికి వేరొక మనిషి మొదలయ్యేవాడు. విశ్వవిద్యాలయానికి ఆ మనిషితో పరిచయం లేదు. ఎంత మండువేసవిలోనూ పొడుగుచేతుల చొక్కా విప్పని పండితుడని మాత్రం ఆయనకు పేరుండేది.

విభాగం చేసిన సేవ అసామాన్యం. పదేళ్ళలో నూట పద్నాలుగు పరిశోధన వ్యాసాలు వెలువడ్డాయి. చెరకు తోటల నల్లవారు, పత్తి చేల నల్లవారు, గనుల నల్లవారు, గానం చేసే నల్లవారు అందరూ వాటిలోకి ఎక్కారు. వ్యాసానికి వస్తువు కాదలచిన నల్లవాడు కనీసం రెండు మహాసముద్రాలకు ఆవల నివసించాలన్నది అలిఖిత నియమం. మూడు మైళ్ళ దూరంలోని రేవులను కట్టిన నల్లవారిని ఈ నగరం ఒక పొట్టి మాటతో పిలుస్తుంది. ఆ మాట తరగతిలో ఉచ్చరించరాదని మాత్రం లిఖిత నియమమే ఉంది.

ఇంత సాఫీగా సాగుతున్న సేవకు ఒక ఉత్తరం అడ్డు వచ్చింది.

ముఖ్య అతిథిగా ఒప్పుకున్న ఆచార్య ఎడ్నా క్వాషీ రాసినది అది. ఆమె బార్బడోస్ దీవిలో చెరకు కోసిన వంశంలో పుట్టి, లండన్‌లో పాఠాలు చెబుతూ పేరు గడించింది. విభాగాన్ని పూర్తిస్థాయి పీఠంగా ఎదగనిచ్చేదీ లేనిదీ ఆమె ఇచ్చే నివేదిక మీద ఆధారపడి ఉంది. “నాకు ఉపన్యాసాలు వద్దు. మీ రేవులో బస్తాలు మోసిన తెలుగు కూలీల సంతతివారు ఒక్కరిని వేదికమీద మాట్లాడనివ్వండి. నేను విని వెళతాను” అని ఆమె రాసింది.

రెక్టరు ఊ ఆంగ్ బో ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి సూర్యప్రకాష్‌ను పిలిపించాడు.

“ఊ నే లిన్, ఇలాంటివారు మన ఊళ్ళో ఉన్నారా?”

“ఉన్నారని పుస్తకాలలో చదివాను, సయాజీ.” సయా అంటే గురువు, సయాజీ అంటే మహాగురువు. రెక్టరును మరో విధంగా పిలిచినవారు ఆ భవనంలో ఎక్కువ కాలం లేరు.

“ఎక్కడ ఉంటారు?”

“బొటాటౌంగ్‌లో, అహ్లోన్‌లో. నది దాటితే తన్లిన్‌లో.”

“అంత దగ్గరగానా?” రెక్టరు కిటికీ వైపు అనుమానంగా చూశాడు. “సరే, ఒకరిని తీసుకురండి. శుభ్రంగా ఉండాలి. బాధలు చెప్పాలి గాని ఫిర్యాదు చెయ్యకూడదు. పీఠం వచ్చిందంటే దాని సంచాలకులు మీరే. ధర్మకర్తలతో మాట్లాడాను. వారిది ఒకటే షరతు.”

“ఏమిటది, సయాజీ?”

“సంచాలకుడు విషయానికి దగ్గరగా ఉండాలి. తానే విషయం కాకూడదు. కిందటేడు మత్స్యశాస్త్ర విభాగానికి జాలరి కొడుకును పెట్టి ఎంత ఇబ్బంది పడ్డామో మీకు తెలుసుగా. మీది వర్తక వంశం కనుక చింత లేదు.”

సూర్యప్రకాష్ వినయంగా తల వంచాడు. వంచిన తలలో రెండు ఆలోచనలు మెదిలాయి. పదేళ్ళుగా కలలో కూర్చుంటున్న సంచాలకుడి కుర్చీ చేయి చాస్తే అందేటంత దగ్గరకు వచ్చింది. అందులో కూర్చోవాలంటే, తన ఇంటి గడపను ఈ ఊళ్ళో ఎవరూ కనిపెట్టకూడదు.

క్షేత్ర పరిశోధన నిమిత్తం ఆయనకు అయిదు రోజులపాటు కారు మంజూరయింది. మొదటి రోజు అహ్లోన్‌లో ఒక మిల్లు కాపలాదారుణ్ణి అడిగితే, అతడు మైకు పేరు వినగానే గొళ్ళెం పెట్టుకున్నాడు. రెండో రోజు తన్లిన్‌లో మంగాయమ్మ అనే ముసలావిడ ఒప్పుకుని, ఇంట్లోవాళ్ళకు చెప్పి, మళ్ళీ మానుకుంది. మూడో రోజూ నాలుగో రోజూ ఆయన కారులోనే కూర్చుని ఆలోచించాడు. అయిదో రోజున కారును రెండు వీధుల ఇవతలే ఆపించి, తలుపు చప్పుడు కాకుండా దిగి, బొటాటౌంగ్‌లో తాను పుట్టిన ఇంటికి నడిచాడు.

మేనత్త కొడుకు బాబ్జీ మధ్యాహ్నం కూటికి గోదాం నుంచి వచ్చి అరుగుమీద కూర్చుని ఉన్నాడు.

“బావా, ఏటిలాగ పట్టపగలొచ్చినావు? ఎల్లేసిన గోడలాగున్నావు. ఎవలికేటైంది?”

“ఎవరికీ ఏమీ కాలేదు. పని మీద వచ్చాను. పాతకాలపు రేవు సంగతులు సభలో చెప్పగలిగినవాళ్ళు ఎవరైనా కావాలి. నువ్వు వస్తావేమోనని.”

“నాను రాను. నాకు మైకు సూస్తే నోరెండిపోద్ది. మామ్మని తీస్కెల్లు. నల్లనోలు గావాలంటే ఆవిడికంటే నల్లనోలు ఈ రంగంల దొరకరు.” రంగం అంటే యాంగోన్. ఆ ఇంట్లో ఊరిని ఇంకా తాతల కాలపు పేరుతోనే పిలుస్తారు.

లోపల తాయారమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఆమెకు ఎనభై ఒకటి. సూర్యప్రకాష్‌కు తండ్రి తల్లి. అహ్లోన్ మిల్లులో బస్తాలు మోసిన బుల్లియ్య కూతురు. పన్నెండో ఏటి నుంచి అదే మిల్లు ముంగిట చిందిన గింజలు ఊడ్చి, చెరిగి, అందులోనే ముసలిదయింది. కళ్ళకు నిండుగా కాటుక పెట్టుకోవడం తప్ప ఆమెకు వేరే అలంకారం తెలియదు. ఆ కాటుక ఆమె చేతిది. ఆముదం దీపానికి పట్టిన మసిని ఆముదంతోనే మెదిపేది.

మనవడు చెప్పినదంతా విని ఆమె చేట పక్కన పెట్టింది.

“మైకుల నన్నేటని పిలుస్తావు?”

“డా తాయారమ్మగారు అంటాను. ఇక్కడి పద్ధతిలో పెద్దవాళ్ళను డా అనాలి.”

“గారా? అయితే నీకు నానెన్నడూ కూడెట్టనట్టే గదా.”

“ఆ ఒక్క పూటకే, మామ్మా.”

“నిన్ను నానేటనాల?”

“సయా అను. అందరూ అంటారు.”

“సయా.” మాటలో రాయి ఉందేమోనన్నట్లు ఆమె మెల్లగా నమిలి చూసింది. “మనవడా అనకూడదు.”

“అనకూడదు.”

“ఒరే సూరిగా అనకూడదు.”

“అస్సలు అనకూడదు.”

బాబ్జీ గుమ్మంలోంచి తల పెట్టాడు. “ఊరికే ఒప్పుకోకు మామ్మా. పట్టుకోక అడుగు.”

“కోక నాకేల. ఒరే, మా అయ్య పేరు ఆ మైకుల సెప్తాను. మిల్లుల ఆయనకి ఇత్తడిబిళ్ళ మీద అంకె తప్ప పేరు లేదు. నూట ఏడూ అని కేకేసీవోరు. పేరెట్టి ఒక్కడూ పిలవలేదు. నాను మూడుసార్లు సెప్తాను. అడ్డు రాకు.”

“రాను. చెప్పు.”

“అయితే మాటిచ్చినాను పో. మనవడన్న మాట నా నోటంట రాదు.”

తాయారమ్మ మాట ఇస్తే దానికి తిరుగులేదని సూర్యప్రకాష్‌కు తెలుసు. నిశ్చింతగా లేచాడు. నోటి గురించి తప్ప తక్కిన అవయవాల గురించి ఒప్పందం చేసుకోవాలని ఆయనకు తోచలేదు.

ఉత్సవ దినం వచ్చింది. సభాభవనానికి తెల్ల గుడ్డలు కట్టారు. ఊళ్ళో కరెంటును నమ్మే అలవాటు పోయి చాలాకాలమైంది కనుక, పెరట్లో జనరేటరు ఉదయం ఆరింటి నుంచీ గర్జిస్తోంది. సభ మొదలయ్యే వేళకు గది చల్లగా ఉండాలని ముందురోజు కూడా దాన్ని చల్లదనానికి సాధన చేయించారు.

ద్వారం పక్కన ఛాయాచిత్ర విభాగంవారు ఒక అలంకరణ బల్ల వేశారు. ఆ విభాగాన్ని గురించి ఒక మాట చెప్పుకోవాలి. విశ్వవిద్యాలయంలో ఎవరి ఫోటోనూ తీసినది తీసినట్లు అచ్చు వెయ్యడం మర్యాద కాదు. గౌరవాన్ని బట్టి వెలుగు పెంచుతారు. ఇందుకు ఆమోదం పొందిన పట్టిక ఉంది. బంట్రోతులకు స్థాయి ఒకటి. గుమస్తాలకు రెండు. అధ్యాపకులకు మూడు. విభాగాధిపతులకు నాలుగు. సంచాలకులకు, రెక్టరుకు, ముఖ్య అతిథులకు అయిదు. అయిదో స్థాయిలో ముక్కు ఉన్నదీ లేనిదీ నమ్మకం మీద తెలుసుకోవాలి. ఒకసారి పొరపాటున ఒక గుమస్తాను నాలుగో స్థాయిలో అచ్చు వేస్తే, నోటీసు బోర్డు ముందు నిలబడి కొత్త అధ్యాపకులు అతడికి వారం రోజులు నమస్కారాలు పెట్టారు. ఈ పట్టికను తయారుచేసిన సంఘానికి అధ్యక్షుడు ఊ నే లిన్ గారే.

ఆచార్య క్వాషీ కారు దిగింది. నిండైన మనిషి, పసుపు పచ్చని గౌను, నల్లగా నిగనిగలాడే ముఖం. అలంకరణ బల్ల దగ్గరి అమ్మాయి ఆమె చెంప పక్కన ఎనిమిది డబ్బాలు పెట్టి చూసి, తొమ్మిదోది లేక చేతులు కట్టుకుని నిలబడింది.

“క్షమించాలి, మీకు తగినది తెప్పించలేకపోయాం” అన్నాడు రెక్టరు.

“పరవాలేదు. నేను పుట్టినప్పుడే వేసుకుని వచ్చాను” అందామె.

సూర్యప్రకాష్ ఆ రోజు అద్దానికి గంట సమయం ఇచ్చాడు. సభలో అంత ధవళంగా మెరిసినవి రెండే. ఆయన మొహం, వెనకాల కట్టిన గుడ్డ. వేదికమీద తాయారమ్మ కూర్చోగానే ఆ గుడ్డకు మొదటిసారిగా ఒక ప్రయోజనం కలిగింది. బాబ్జీ వెనక వరసలో, తెల్ల చొక్కా లేనందువల్ల స్తంభం చాటున సర్దుకున్నాడు.

“ఇప్పుడు డా తాయారమ్మగారు మాట్లాడతారు. వారి భాషను నేను అనువదిస్తాను” అన్నాడు సూర్యప్రకాష్.

తాయారమ్మ మైకును చేటలా రెండు చేతులా పట్టుకుంది.

“మా అయ్య పేరు బుల్లియ్య. కలింగపట్నం రేవుల ఓడెక్కినాడు. అహ్లోన్ మిల్లుల బస్తాలు మోసినాడు. బుల్లియ్య. బుల్లియ్య. మూడుసార్లయింది గదా, సయా?”

“వీరి తండ్రిగారు సముద్రాంతర ధాన్య రవాణా రంగంలో ముఖ్య పాత్ర వహించారు” అని అనువాదం వెలువడింది.

ఆచార్య క్వాషీ కలం ఆపింది. “ఒక పేరు మూడుసార్లు వినిపించింది. మీ అనువాదంలో ఒక్కసారీ రాలేదు.”

“బుల్లియ్య” అన్నాడు సూర్యప్రకాష్. ముత్తాత పేరును ఆయన నలుగురిలో పలకడం అదే మొదలు. మంచినీళ్ళు తాగి సర్దుకున్నాడు.

“వర్సమొస్తే గోనెపట్టా కప్పీవోరు. మనిసికి కాదు, బస్తాకి.”

“వర్షాకాలంలో ప్రత్యేక రక్షణ ఏర్పాట్లు ఉండేవి.”

“మా ఇంటికాడ ఒక గుంటడు ఉండీవోడు. ఊడ్సిన నూకలు సెరిగి ఆడికి జావ కాసి పోసీదాన్ని. సదువుకుని పెద్దోడైనాడు. ఆడి పేరు సెప్పను. మాటిచ్చినాను.”

“వీరికి విద్యపట్ల ఆసక్తి ఉంది.”

రెక్టరు ముందుకు వంగి సూర్యప్రకాష్ చెవిలో, “వీళ్ళ భాష ఇంత ధారాళంగా ఎలా పట్టుబడింది మీకు?” అన్నాడు.

“పదేళ్ళ క్షేత్ర పరిశోధన, సయాజీ.”

చప్పట్లు మోగాయి. రెక్టరు లేచి, విభాగం ఈ క్షణం నుంచి పీఠమైనదనీ, ఊ నే లిన్ గారే దాని ప్రథమ సంచాలకులనీ ప్రకటించి, మోకాళ్ళదాకా వేలాడే మల్లెల దండ ఆయన మెడలో వేశాడు. సభ యావత్తూ లేచి నిలబడింది. మూడు వందల మంది, ఆరు వందల కళ్ళు, ఒక్క మొహం మీద.

అక్కడే చిక్కు వచ్చింది. తాయారమ్మ జీవితంలో ఎన్నో చూసింది గాని, ఆరు వందల కళ్ళు ఒక్కసారిగా తన మనవడి మీద పడడం ఎన్నడూ చూడలేదు. పెళ్ళికొడుక్కైనా మెడలో దండ పడేముందు బుగ్గన చుక్క పెడతారే, వీడికి దండ ముందు పడి చుక్క వెనకబడింది. ఆమె మాట తప్పలేదు. పెదవి కదపలేదు. లేచి వచ్చి, కంటి కొస నుంచి ఉంగరపు వేలితో కాటుక తీసి, సంచాలకుడి ముత్యపు చెక్కిలి మీద బఠాణీ గింజంత నల్లచుక్క దిట్టంగా అద్దింది. అద్ది, వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

చప్పట్లు సగంలో ఆగాయి.

“అదేమిటి?” అంది ఆచార్య క్వాషీ.

సూర్యప్రకాష్ పండితుడు. పండితుడికి వివరణలు చొక్కా జేబులోనే ఉంటాయి. “ఇది ప్రాచీన గౌరవ సంప్రదాయం. మహావిద్వాంసులకు మాత్రమే చేసే సత్కారం.”

మహావిద్వాంసులన్న మాట వినగానే రెక్టరు తన కుడి చెంప తిప్పుకుని తాయారమ్మ ముందుకు వంగాడు. ఆమె కదలలేదు. రెక్టరు మర్యాదకొద్దీ ఎడమ చెంప కూడా చూపించాడు.

“ఏటీయన?” అంది తాయారమ్మ. “ఇది సొంతోలికే ఎడతారు. ఆయనకి ఆల మామ్మ ఎట్టాల గాని, నానెలాగెడతాను?”

“ఏమంటున్నారు?” అన్నాడు రెక్టరు, వంగినవాడు వంగినట్లే.

సూర్యప్రకాష్ నోరు తెరిచాడు. సరిగ్గా ఆ క్షణాన, రెండు రోజులుగా చల్లదనం సాధన చేసి అలసిపోయిన జనరేటరు ఒకసారి దగ్గి ఆగిపోయింది. మైకు పోయింది. చల్లని గాలి పోయింది. మూడు వందల మంది ఊపిరితో ఆ భవనం కుండలా కాగింది. మల్లెదండ కింద, పొడుగుచేతుల చొక్కాలో, సంచాలకుడికి చెమట పట్టడం మొదలైంది. మొదట ముత్యం కరిగింది. తర్వాత కొరియా కరిగింది. చిట్టచివరికి థనకా చారలు చారలుగా దిగి తెల్లని కాలరులోకి ఇంకింది. పదేళ్ళుగా గడ్డం కింద దాగి ఉన్న మనిషి మెల్లమెల్లగా పైకి వచ్చాడు. కాటుక చుక్క మాత్రం చెక్కు చెదరలేదు. ఆముదంతో మెదిపినది కదా.

ముందు వరసవాళ్ళు ఆయన మొహం చూశారు. పక్కన తాయారమ్మ మొహం చూశారు. నుదురు ఒకటే, ముక్కు ఒకటే, వర్ణమూ ఒకటే.

“ఆవిడ ఏమన్నారు?” అని ఆచార్య క్వాషీ నెమ్మదిగా అడిగింది.

సూర్యప్రకాష్ తాయారమ్మ వైపు తిరిగాడు. ఆమె పెదవులు బిగించుకుని, ఆగిపోయిన పంకా వైపు చూస్తోంది. ఒప్పందాన్ని అంత నిష్ఠగా పాటించిన మనిషి ఆ భవనంలో మరొకరు లేరు. ఆమె అలా చూడకుండా ఉంటే ఆయన మరో వివరణ చెప్పి ఉండేవాడే. అదీ తయారుగా ఉంది.

“ఈ చుక్క సొంతవాళ్ళకే పెడతారట” అన్నాడు.

“మీకు పెట్టారు.”

“నేను వారి మనవణ్ణి.”

మైకు లేదు కనుక వెనకవాళ్ళ కోసం మళ్ళీ చెప్పవలసి వచ్చింది. ఇంగ్లీషులో ఒకసారి, బర్మా భాషలో ఒకసారి. మూడోసారి ఎవరూ అడగకుండానే తెలుగులో వచ్చింది. “నాను బుల్లియ్య ముని మనవణ్ణి.”

స్తంభం చాటు నుంచి బాబ్జీ గొంతు వినిపించింది. “ఇప్పుడు సూడు, మనిసిలాగున్నావు బావా.”

రెక్టరు వంగిన నడుము ఎత్తాడు. ఆయన మొహంలో ధర్మకర్తల షరతు స్పష్టంగా కనిపించింది. దండ వైపు చెయ్యి కూడా కదిలింది. ఇంతలో ఆచార్య క్వాషీ లేచి నిలబడి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. “పదేళ్ళుగా ఈ విభాగాన్ని నడుపుతున్న మనిషిని పరిచయం చెయ్యడానికి జనరేటరు ఆగిపోవలసి వచ్చిందన్నమాట” అని నవ్వింది.

అతిథి నవ్వితే చెయ్యి ఎటు వెళ్ళాలో రెక్టరుకు తెలుసు. అది దండను తియ్యబోయినదల్లా సవరించి వెనక్కి వచ్చింది.

“ఈ సంగతి విశ్వవిద్యాలయానికి మొదటి నుంచీ తెలుసు” అని ఆయన గంభీరంగా ప్రకటించాడు. “తెలిసే నియమించాం. సంచాలకుడు విషయానికి దగ్గరగా ఉంటే చాలదు, తానే విషయం కావాలన్నది మా దృఢమైన విధానం.”

ఆ విధానం సోమవారానికల్లా సర్క్యులరు రూపం ధరించింది. బుధవారానికి పదకొండుమంది అధ్యాపకులు తమ వంశాలలో కూలీ అవ్వలు ఉన్నట్లు దరఖాస్తులు పెట్టుకున్నారు. అర్థశాస్త్రాచార్యుడు తన ముత్తవ్వ కొద్దిగా మాత్రమే నలుపనీ, అయినా పదోన్నతికి అది సరిపోగలదని ఆశిస్తున్నాననీ రాశాడు. రెక్టరు స్వయంగా, తన బాల్యంలో ఒక తెలుగు కూలీ భుజం మీద వరద దాటినట్లు జ్ఞాపకం చేసుకున్నాడు.

సూర్యప్రకాష్ మారిన మనిషి అయ్యాడు. అద్దం ముందు గడిపే కాలాన్ని ఇరవై నిమిషాలకు తగ్గించాడు. కారును రెండు వీధుల ఇవతల గాక, ఒక్క వీధి ఇవతల ఆపించడం మొదలుపెట్టాడు. సంచాలకుడి కుర్చీలో కూర్చోగానే ఆయన బల్లమీదికి వచ్చిన మొదటి దస్త్రం ఛాయాచిత్ర విభాగానిది. సభాభవనంలో శాశ్వతంగా వేలాడదీయవలసిన ఉత్సవ చిత్రానికి వెలుగు స్థాయిలు నిర్ణయించవలసిందిగా కోరారు. రెక్టరుకు అయిదు. అతిథికి అయిదు. సంచాలకుడికి నియమం ప్రకారం అయిదు. “వృద్ధ మహిళ, పట్టికలో లేరు” అన్న వరుసకు ఎదురుగా ఖాళీ వదిలి ఉంది.

ఆయన ఆ ఖాళీ చూసి చలించిపోయాడు. జావ కాసి పోసిన చెయ్యి. నూకలు ఊడ్చిన నడుము. కలం తీసి, “ఈమె నా మామ్మ” అని పట్టికలో సగర్వంగా రాశాడు. ఆపైన, ఒక మనవడు తన మామ్మకు చేయగలిగిన అత్యున్నత గౌరవంగా, “స్థాయి అయిదు” అని రాసి సంతకం చేశాడు.

ఆదివారం నాడు ఆ చిత్రం ప్రతిని బంగారు చట్రంలో బిగించి బొటాటౌంగ్ తీసుకువెళ్ళాడు. తాయారమ్మ దాన్ని వాకిట్లో వెలుతురుకు పట్టి చూసింది. వేదిక ఉంది. తెల్లగుడ్డ ఉంది. గుడ్డ ముందు నలుగురు గుడ్డంత తెల్లగా ఉన్నారు. సంచాలకుడి చెక్కిలి మీద ఏ మచ్చా లేదు, ఛాయాచిత్రకారుడు శ్రద్ధగా తుడిచేశాడు.

“దండున్నోడివి నువ్వా?”

“నేనే, మామ్మా.”

“దిష్టిసుక్క ఏదిరా?”

“మచ్చ అనుకుని తీసేసినట్లున్నారు.”

ఆమె వేలు పక్కకు జరిగింది. “మరి ఈ దొరసాని ఎవలు? నా కుర్సీల కూకుంది.”

“నువ్వే కదా. అయిదో స్థాయి ఇప్పించాను. రెక్టరుగారితో సమానం. నేనే సంతకం పెట్టాను.”

తాయారమ్మ చిత్రాన్ని మనవడి చేతుల్లో పెట్టి, చేట దగ్గరికి లాక్కుంది.

“నానైతే బుల్లియ్య కూతుర్ని” అంది, గింజల్లోంచి ఒక తెల్లరాయి ఏరి పారేస్తూ. “ఈవిడెవల కూతురో ఆలింటికి ఇచ్చిరా.”